ఓటు అడగడం రాని మేజర్

మేజర్ ఆంబ్రోజ్ ట్రెగెల్లస్ ఒక్క కేక పెడితే పటాలం పటాలమంతా ఒకేసారి కుడివైపు తిరిగేది. అదే మనిషి పోర్త్‌వెన్నా రొట్టెల కొట్టు ముందు టోపీ చేత్తో పట్టుకుని, "నాకు ఓటు వెయ్యండి" అన్న మూడు ముక్కలు అనడానికి చెమటలు కక్కాడు. చివరికి ఎలాగో అన్నాడు. అయితే ఆ గొంతు వినగానే రొట్టెలవాడు చేతిలో పిండిముద్ద వదిలేసి, మడమలు కలిపి నిటారుగా నిలబడిపోయాడు.

వీధిలోకి రాగానే అక్క టామ్సిన్ మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఓటు అడగమంటే కవాతు చేయిస్తావేంట్రా? పాపం వాడు హడలి చచ్చాడు."

"అడిగానుగా అక్కా."

"అడగడం కాదు, ఆర్డరేశావు. ఇంకా నయం, వాణ్ణి తుపాకీ భుజానేసుకోమనలేదు!"

టామ్సిన్ నోటికి ఊళ్ళో పాదిరీ కూడా జడుస్తాడు. మందుల కొట్టు నడిపిన తండ్రి పోయాక ఇల్లూ కొట్టూ తనే చూసుకుంది. తమ్ముడు సైన్యానికి రాజీనామా ఇచ్చి వచ్చి, పార్లమెంటుకు నిలబడతానన్నప్పుడు ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "అయితే ముందు ఆ మీసం కాస్త కత్తిరించు, ముసలమ్మలు దడుచుకుంటున్నారు" అంది. ఆ రోజు నుంచీ ఇద్దరూ కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారు.

తిరగక తప్పదు మరి. పోర్త్‌వెన్నాలో ఓటంటే గుమ్మంలో అడిగించుకునే మర్యాద. ఓటున్న ప్రతి ఇంటికీ అభ్యర్థి తనే రావాలి, టోపీ తియ్యాలి, ఇంటావిడ పెట్టిన కుంకుమపువ్వు బన్ను తినాలి, కడుపులో చోటు లేకపోయినా సరే. ఒక్క ఇల్లు దాటేశాడా, ఆ ఇంటివాళ్ళకు తల కొట్టేసినట్టే. తాతను అడగలేదన్న కోపంతో మనవడు కూడా ఆ పక్షం రంగు రిబ్బను ముట్టుకోని ఇళ్ళు ఊళ్ళో ఉన్నాయి. పైగా ఓటు చాటుగా వేసేదా? కాదు. పట్టపగలు బల్ల ముందు నిలబడి, ఫలానా వాడికని గొంతెత్తి చెప్పాలి. కోట దొర గుమాస్తా పక్కనే నిలబడి వింటూ ఉంటాడు. ఊళ్ళో సగం ఇళ్ళు దొరవే. మేజరుకు పోటీగా నిలబడింది ఆ దొర మేనల్లుడు యూస్టేస్ వైయల్. కుర్రాడు అందగాడు, మాట తీపి. పిల్చర్డు చేప ఏ కాలంలో వస్తుందో మాత్రం తెలియదు. ఆ చేప తప్ప ఇంకో బతుకుతెరువు లేని ఊరికి వాడు ప్రతినిధి అవుతాడట! ఇలాంటి వింతలు మా దేశంలో ఎవరికీ వింతగా తోచవు.

మేజరు ఎందుకు నిలబడ్డాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పదేళ్ళ కిందట క్రిమియా యుద్ధంలో అతను కెప్టెను. అతని కంపెనీలో పోర్త్‌వెన్నా కుర్రాడు ఒకడున్నాడు, జోరీ టాంకిన్. ఈలపాటగాడు, అల్లరివాడు, పంతొమ్మిదేళ్ళు. ఆ చలికాలం కందకాల్లో మంచు మోకాలి దాకా వచ్చింది. కుర్రాళ్ళ బూట్లు అడుగులూడిపోయాయి. గోనెగుడ్డలు చుట్టుకుని కాపలా కాశారు. రేవులోనేమో ఒక ఓడ నిండా కొత్త బూట్లున్నాయి. అవి ఒడ్డుకు దింపాలంటే ఒక అధికారి సంతకం కావాలి. ఆ అధికారి ఇంకో అధికారి సంతకం లేనిదే తను పెట్టనన్నాడు. ఆంబ్రోజ్ బురదలో గుర్రమేసుకుని రేవుకు పోయి బతిమాలాడు, అరిచాడు, మళ్ళీ బతిమాలాడు. బూట్లు ఓడలోనే ఉన్నాయి. జోరీ కాళ్ళు ముందు నల్లబడ్డాయి. తర్వాత జోరీ పోయాడు. ఆ సంతకాలగాళ్ళ చేతులు పడిపోనూ అని నాకే ఇప్పటికీ నోటికొస్తుంది. తన ఒళ్ళో తల పెట్టుకుని పోయినవాణ్ణి చూసినవాడికి ఎలా ఉంటుందో చెప్పాలా?

యుద్ధం ముగిసి ఆంబ్రోజ్ సెలవు మీద ఊరికొచ్చిన ఆదివారం, ప్రార్థన మందిరం మెట్ల మీద జోరీ తండ్రి పెథరిక్ టాంకిన్ ఎదురొచ్చాడు. అతను ఊరి చేపల కాపరి. ఎండాకాలం మొదలు ఆకులు రాలేదాకా కొండ కొమ్మున నిలబడి సముద్రాన్ని చూస్తూ ఉంటాడు. చేపల గుంపు కనబడగానే రేకు బాకాలో "హెవా! హెవా!" అని కేక పెడతాడు. ఆ కేక విన్నాక పోర్త్‌వెన్నాలో ఎవడూ ఉన్నచోట ఉండడు. పెళ్ళిలో పెళ్ళికొడుకైనా సరే, పడవ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

"మావాడు ఎలా పోయాడు బాబూ?" అని అడిగాడు పెథరిక్. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది.

ఆంబ్రోజ్ నోట నిజం రాలేదు. "యుద్ధంలో, ముందు వరసలో. గుండు తగిలి ఒక్క క్షణంలో పోయాడు మామా" అన్నాడు. ముసలాయన తల పైకెత్తాడు. ఆ రోజు నుంచీ పదేళ్ళపాటు ఆ మాటే చెప్పుకుని బతికాడు.

మేజరు పార్లమెంటుకు పోదామనుకున్నది ఆ బూట్ల సంగతి నిలదీయడానికే. సంతకాల వాళ్ళందరూ వినేచోట నిలబడి చెప్పాలన్నది ఒక్కటే కోరిక. కాని ఆ మాట ఊళ్ళో ఎత్తితే, పెథరిక్ ముందు తన అబద్ధం బయటపడుతుంది. అందుకని సభల్లో మహారాణి గురించీ, దేశ గౌరవం గురించీ చప్పిడి కూడులాంటి ఉపన్యాసాలు ఇచ్చాడు. జనం ఆవలించారు. ఇంటింటికీ తిరిగినప్పుడు పెథరిక్ ఇల్లు రాగానే ముఖం చెల్లక పక్క సందులోకి తిరిగిపోయాడు. అది చూడనివాళ్ళు లేరు.

"కొడుకును దేశానికిచ్చిన ఇంటిని దాటిపోయాడు. మేజరు గారికి జాలరి గుమ్మం ఆనలేదేమో" అన్నారు పీపాలు చేసేవాళ్ళు. మేజరు పక్షమని పసుపు రిబ్బను పెట్టుకున్న జాలర్లు కొందరు దాన్ని తీసి జేబులో పడేశారు.

నామినేషన్ రోజున చౌకులో కట్టిన చెక్క వేదిక ఎక్కి, మేజరు యథాప్రకారం దేశ గౌరవంతో మొదలుపెట్టాడు. గుంపులోంచి ఎవరో అరిచారు.

"అదంతా ఎందుకు గాని, లండన్‌లో నీకేం పని మేజరూ? ఇక్కడ కవాతు చేయించడానికి జనం చాల్లేదా?"

"నేను... నాకు..." మేజరు నీళ్ళు నమిలాడు.

"ముందు టాంకిన్ గుమ్మం తొక్కి రా, ఆ తర్వాత పార్లమెంటు గుమ్మం తొక్కుదువుగాని!"

జనం గొల్లుమన్నారు. కుళ్ళిన చేప తలకాయ ఒకటి వచ్చి అతని కోటు మీద పడింది. చేతులెత్తమంటే వైయల్‌కే ఎక్కువ చేతులు లేచాయి. టామ్సిన్ మాత్రం తగ్గలేదు. "ఎత్తిన చేతుల్లో ఓటున్న చేతులెన్ని? రేపు ఓటింగు పెట్టాల్సిందే" అని తమ్ముడి తరఫు మనుషుల చేత అడిగించింది. అది న్యాయమే గనుక మర్నాడు ఓటింగని చాటారు.

ఇంటికొచ్చాక కోటు మీద మరక తుడుస్తూ ఆమె మెల్లగా అడిగింది. "టాంకిన్ ఇంటికి ఎందుకు పోలేదురా? నాక్కూడా చెప్పవా?"

చెప్పాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"పిచ్చి నాగన్నా, మంచికే చెప్పావు. కాని ఆ అబద్ధం మీద నిలబడి నువ్వు నిజమెలా అడుగుతావు? లే. కొండెక్కు. తిడతాడు, కొడతాడు, పడు. రేపు గెలిచినా ఓడినా అది వేరే సంగతి."

అప్పటికింకా పొద్దు ఉంది. మేజరు కొండెక్కాడు. రాతిగుడిసె ముందు పెథరిక్ సముద్రం కేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"మీ అడుగుల చప్పుడు తెలుస్తూనే ఉందిలెండి మేజరు గారూ" అన్నాడు. "ఊరంతా తిరిగారు. మా కొండ ఇప్పటికి గుర్తొచ్చిందా?"

"ఓటు అడగడానికి రాలేదు మామా."

"మరి గాలి పీల్చడానికొచ్చారా?"

"నేను మీకు అబద్ధం చెప్పాను. జోరీ గుండు తగిలి పోలేదు."

ఆ తర్వాత మేజరు ఆపకుండా అన్నీ చెప్పాడు. గోనెగుడ్డలు, ఓడ, సంతకాలు, నల్లబడిన కాళ్ళు. చివరిదాకా వాడు ఈల వెయ్యడానికి ప్రయత్నించాడని కూడా చెప్పాడు. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

పెథరిక్ గిర్రున ఇటు తిరిగాడు. "బూట్లా?" అన్నాడు. "బూట్లు లేకా? ఒక జత బూట్లు! మా వీధి చివర చెప్పులవాడు కుట్టేవాడు కదయ్యా, అడిగితే ఊరికే కుట్టేవాడు!" అని రాతి మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి మేజరు మీదికొచ్చాడు. "పదేళ్ళు! పదేళ్ళు నా చేత ఆ కథ చెప్పించావు. నేను కొండ మీద నిలబడి వాడు హాయిగా పోయాడనుకుంటున్నాను. నువ్వు సెలవుకొచ్చినప్పుడల్లా కింద తిరుగుతూ చూస్తున్నావు!"

"అవును మామా."

"ఇంకేం అనవా?"

"తప్పు నాది."

ముసలాయన మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. అటే చూస్తూ పొడిగా అన్నాడు. "నాకు జతగా ఉండేవాడు జ్వరంతో పడున్నాడు. రేపు నేను దిగితే కొండ మీద చూసే దిక్కు లేదు. రేపు మధ్యాహ్నం వచ్చి నా చోట నిలబడు. ఓటు ఎవరికని అడగొద్దు."

"అడగను."

"అడగడం నీకెలాగూ రాదంటగా" అన్నాడు పెథరిక్. ఆ మాటలో కోపమెంతో, మరొకటెంతో మేజరుకు తెలియలేదు.

మర్నాడు పార్లమెంటు అభ్యర్థి, తన ఓటింగు జరుగుతుంటే, కొండ కొమ్మున చేపలకు కాపలా కాశాడు. పెథరిక్ అతనికి ముళ్ళకంప చుట్టలు రెండు చేతికిచ్చాడు. కుడికి ఊపితే పడవలు కుడికి, ఎడమకు ఊపితే ఎడమకు, రెండూ కిందికి కొడితే వల వదలాలి. నీళ్ళలో ఊదారంగు మచ్చ కదిలితే అదే గుంపు. "తెలియకపోతే బాకా ముట్టుకోకు. తెలిస్తే ఆగకు" అని చెప్పి ముసలాయన దిగిపోయాడు.

మేజరు సెంట్రీలా నిలబడ్డాడు. కింద చౌకు కనబడుతోంది. పొద్దున్నుంచీ దొర ఇళ్ళలో ఉండేవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి వైయల్ పేరు చెప్పిపోయారు. మేజరు మనుషులు జాలర్లు, చేపలకు ఉప్పుపట్టేవాళ్ళు, పీపాలవాళ్ళు. గుమాస్తా చూపుకు ఒంటరిగా దొరకకూడదని, అందరూ కలిసి బాజాతో రావాలని ఏర్పాటు చేసుకున్నారు. రేవు వీధిలో పసుపు జెండా కదిలింది. గుంపు మొదలైంది. జేబులో పడ్డ రిబ్బన్లు కూడా మళ్ళీ పైకొచ్చినట్టున్నాయి, అంత పసుపుగా ఉంది వీధి. చౌకు చేరడానికి రెండు వీధులే. వాళ్ళు చేరి పేర్లు చెబితే మేజరు గెలిచినట్టే.

అప్పుడు సముద్రంలో మచ్చ కదిలింది.

మొదట మబ్బు నీడనుకున్నాడు. పైకి చూస్తే మబ్బు లేదు. ఊదారంగు, అంచున ఎరుపు, పైన పక్షులు పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి. చేపల గుంపు కొండ కొమ్ము దాటి అఖాతం నోట్లోకి వస్తోంది.

మేజరు కింద వీధి కేసి చూశాడు. ఇప్పుడు కేక పెడితే కింద పసుపు గుంపు చెదిరిపోతుంది. ఒక్కడు కూడా చౌకుకు పోడు. నాలుగింటికి ఓటింగు మూసేస్తారు. కాసేపు ఆగితే? వాళ్ళు ఓట్లు చెప్పుకుని బయటికొచ్చేదాకా ఆగితే? చేప ఆగదా? ఆగొచ్చు. ఆగకపోవచ్చు. నిరుడు చేపల పట్టు లేక శీతాకాలం పిల్లలు పస్తులున్న ఊరది. అయినా తను లండన్ పోవడం కూడా ఈ జనం కోసమే కదా, ఒక్క అరగంట...

అరగంట ఆగమన్న మాట అతను ఇదివరకు ఎక్కడో విన్నాడు. సరుకు కళ్ళ ముందు పెట్టుకుని, ముందు మాకు కావలసింది కానివ్వమని చెప్పినవాళ్ళ దగ్గర విన్నాడు. రేవులో, బురదలో నిలబడి.

బాకా అందుకోవడం కూడా మరిచిపోయాడు. "హెవా!" అని ఒక్క కేక పెట్టాడు. పటాలాలను తిప్పిన ఆ గొంతు అఖాతం అవతలి ఒడ్డున తగిలి తిరిగొచ్చింది. "హెవా! హెవా!"

కింద బాజా సగంలో ఆగింది. జెండా నేల మీద పడింది. పసుపు గుంపు కాస్తా పరుగందుకుంది. పడవలు తెరచాపలు లేకుండా తెడ్లతోనే దూసుకుపోయాయి. మేజరు ముళ్ళకంపలు కుడికి ఊపాడు, ఎడమకు ఊపాడు, మళ్ళీ కుడికి ఊపబోయి తడబడ్డాడు. పడవల్లోంచి బూతులు వినబడ్డాయి. అంతలో పెథరిక్ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు.

"ఇటివ్వు, ఇటివ్వు! చేపలకు కవాతు నేర్పుతున్నావా?" అని కంపలు లాక్కున్నాడు. రెండుసార్లు ఊపి, రెండూ కిందికి కొట్టాడు. వల పడింది. నీళ్ళు వెండిలా కుతకుతలాడాయి. చాలా ఏళ్ళుగా అంత పట్టు లేదని ఆడవాళ్ళు ఉప్పు కొట్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మేజరు ఓడిపోయాడు. తేడా పెద్దదేం కాదు, పడవల్లో ఉన్న ఓట్లలో సగం పడినా గెలిచేవాడు. సాయంత్రం వైయల్‌ను కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించారు. ఊరేగింపు చూడ్డానికి వీధిలో మనుషుల్లేరు, అందరూ మోకాలి లోతు చేపల్లో ఉన్నారు. మేజరు కూడా కోటు విప్పి బుట్టలు మోస్తున్నాడు. అక్కడికి టామ్సిన్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఒరేయ్, నీకు తెలుసా? పెథరిక్ బల్ల ముందు నిలబడి, నీ పేరు చెప్పేముందు ఇంకో మాట చెప్పాడట. గుమాస్తా ఆపమంటే, 'నోరుమూసుకుని విను' అన్నాడట. 'మావాడు గుండు తగిలి పోలేదు. బూట్లు ఓడలో ఉండగా బూట్లు లేక పోయాడు. అది అడగడానికి ట్రెగెల్లస్ లండన్ పోతానంటున్నాడు. నా ఓటు ట్రెగెల్లస్‌కి' అన్నాడట. చౌకంతా విన్నదిరా!"

మేజరు బుట్ట కింద పెట్టి ఉప్పు కొట్టు గోడకు ఆనుకున్నాడు. ఓడిపోయిన మనిషి ముఖంలా లేదు అది. ఇక అతనికి దాచేదేమీ లేదు.

కొండ మీద చోటు పోతుందని దొర మనుషులు పెథరిక్‌ను బెదిరించారు గాని, అంత పట్టు పట్టించినవాణ్ణి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి మేజరు మొదటి గుమ్మంలోనే బూట్ల సంగతితో మొదలుపెట్టాడు. కొత్త చట్టంతో ఓటు కూడా మరికొన్ని గుమ్మాలకు చేరింది. కుంకుమపువ్వు బన్నులు తిని తిని అతని కోటు బొత్తాలు బిగుసుకున్నాయని టామ్సిన్ వెక్కిరించింది. గెలిచాడు.

పార్లమెంటులో అతనికి మాట్లాడే వంతు మరుసటి ఏడాది వసంతంలో గాని రాలేదు. సెలవులకు ఊరికొచ్చిన రోజే, పెట్టె ఇంట్లో పడేసి కొండెక్కాడు. పెథరిక్ ముసలివాడైపోయాడు. పని కుర్రాళ్ళు చేస్తున్నారు, అతను మాత్రం రోజూ వచ్చి రాతి మీద కూర్చుంటాడు.

"చెప్పారా ఆంబ్రోజ్ బాబూ?"

"చెప్పాను మామా."

"విన్నారా?"

"భోజనాల వేళ. సగం బెంచీలు ఖాళీ. ఉన్నవాళ్ళలో ఒకాయన నిద్రపోయాడు." మేజరు దాచలేదు. "కాని ఇద్దరు లేచి మళ్ళీ చెప్పమన్నారు. విచారణ వేస్తామని మంత్రి ఒప్పుకున్నాడు. వదలను."

"మావాణ్ణి ఏమని చెప్పారు? సిపాయిలు అన్నారా, సిపాయి అన్నారా?"

"పేరు చెప్పాను."

ముసలాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అక్కడ ఎంత గొంతుతో చెప్పారో అంత గొంతుతో చెప్పండి, వింటాను."

మేజరు టోపీ తీశాడు. సముద్రం కేసి తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "జోరీ టాంకిన్! పోర్త్‌వెన్నా ఊరు! వయసు పంతొమ్మిది! మన ఓడలో బూట్లుండగా, బూట్లు లేక చనిపోయాడు!"

కింద వలలు ఆరేస్తున్న పడవలవాళ్ళు తలలెత్తి చూశారు. ఒకడు టోపీ తీశాడు. పక్కవాడూ తీశాడు.

"ఇంకోసారి" అన్నాడు పెథరిక్.

మేజరు ఇంకోసారి చెప్పాడు.